ఎడ్లు తిన్నాకే అన్నం

మా ఎదురింటి అమ్మాయి మొన్న సాయంత్రం నా గదిలో కూర్చుని ఒక ప్రశ్న అడిగింది. ఆమె కొడుక్కి ఇరవై దాటాయి. మాట తక్కువ, చప్పుడు పడదు, రోజూ చేసే పని అదే వరసలో జరగాలి. ఆటిజం అని చిన్నప్పుడే డాక్టర్లు పేరు చెప్పారు. ఇన్నాళ్ళూ వెళ్ళిన స్పెషల్ స్కూలు వాళ్ళు "మీవాడు పెద్దవాడయ్యాడు, మా దగ్గర పిల్లలకే చోటు" అన్నారట. మరి పెద్దవాళ్ళకి చోటెక్కడ అని ఊరంతా తిరిగింది. తిరిగి తిరిగి వచ్చి నన్ను అడిగింది.

"అమ్మమ్మగారూ, మీరు నర్సుగా ఎన్నో ఊళ్ళు చూశారు కదా. మీ రోజుల్లో ఇలాంటివాళ్ళు ఎక్కడుండేవారండీ?"

ముసలివాళ్ళని "మీ రోజుల్లో" అని కదిపితే ఊరుకుంటామా? కాఫీ చల్లారిపోయేదాకా చెప్పాను. మీరూ వినండి, ముఖ్యంగా ఈ మధ్యనే నర్సింగు పాసై కొత్త యూనిఫాం కుట్టించుకున్న పిల్లలు. ఇందులో గొప్ప ఆపరేషన్లేమీ లేవు. ఒక మనిషి అన్నం ఎందుకు తినడం లేదో తెలుసుకోడానికి ఒక ఆసుపత్రి మొత్తం పడ్డ తంటాలున్నాయి.

యాభైల నడిమిలో నన్ను చోడవరం ఆసుపత్రిలో నర్సుగా వేశారు. అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. మిషన్ ఆసుపత్రిలో దొరసానుల దగ్గర పని నేర్చుకుని వచ్చాను కాబట్టి, దుప్పటి మూల మడవడం దగ్గర్నుంచి అన్నీ నాకే తెలుసని నమ్మకం. దానికి తోడు ప్రతిదానికీ "ఎందుకు?" అని అడిగే జబ్బొకటి. చర్చిలో ప్రసంగం మధ్యలో కూడా ఆ మాట అంటుంటే మా నాన్న తొడ మీద గిల్లేవాడు. ఆయన ఎంత గిల్లినా ఆ జబ్బు నయం కాలేదు.

ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. పెంకుల కప్పు, పొడుగాటి వరండా, మగవాళ్ళకో గది, ఆడవాళ్ళకో గది, వెనక నుయ్యి. డాక్టరుగారు మద్రాసులో చదివినాయన. మంచివారే గాని ముక్కు మీద కోపం. కాంపౌండరు ఆ ఊరివాడే, వేళాకోళం చేయకుండా అరుకు మందు కూడా కలపలేడు. వరండాలు ఊడ్చే ఆయా ఒకావిడ ఉండేది. ఆసుపత్రి తన సొంతమనీ, మేమంతా అద్దెకున్నామనీ ఆవిడ అభిప్రాయం.

బెల్లం వండే రోజులు. ఎటు వెళ్ళినా పాకం వాసన. ఒక పొద్దున్న కానిస్టేబుళ్ళు ఒక మనిషిని తీసుకొచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి, మంచి దిట్టమైన ఒళ్ళు. చేతులు తాడుతో కట్టేసి ఉన్నాయి. పిచ్చో కాదో కొన్నాళ్ళు ఉంచి చూసి చెప్పమని మేజిస్ట్రేటుగారు పంపారు. పిచ్చే అని మా డాక్టరుగారు రాసిస్తే పట్నంలో పిచ్చాసుపత్రికి చేరుస్తారు. అక్కడికి వెళితే ఇక ఊరి మొహం చూడరని జనం అనుకునేవారు. నిజమో అబద్ధమో గాని, ఆ మాట వింటేనే ఇంట్లోవాళ్ళు ఏడుపు మొదలెట్టేవారు.

కానిస్టేబుళ్ళ వెనకే ఒకావిడ పరుగులాంటి నడకతో వచ్చింది. అతని వదిన.

"ఆడికి పిచ్చి కాదమ్మా! పుట్టినకాణ్ణించీ అంతే. మా అత్త ఉన్నన్నాళ్ళూ ఆవిడే సూసుకుంది. పోతా పోతా నా సేతిలో ఎట్టింది."

"మరి ఇంజను మెకానిక్కుని కొట్టాడంటున్నారే?" అన్నాను.

"కొట్టలేదమ్మా, తోసేడు. ఆ ఇంజనొచ్చినకాణ్ణించే ఈ గొడవంతా."

ఆవిడ చెప్పినదాంట్లో ఏడుపు తీసేస్తే జరిగింది ఇది. అప్పట్లో చెరుకు గానుగని ఎడ్లు తిప్పేవి. మధ్యలో ఇనప రోలర్లు, వాటికి పొడుగాటి దూలం, దూలం చివర కాడి, కాడికి జత ఎడ్లు. అవి గుండ్రంగా తిరుగుతుంటే వెనకాల ఒక మనిషి తిరగాలి. మామూలువాళ్ళకి కాసేపటికే విసుగూ, కళ్ళు తిరగడమూనూ. ఇతనికి మాత్రం దానికి మించిన సుఖం లేదు. చిన్నతనం నుంచీ గానుగ ఆడినన్నాళ్ళూ అతనే తిరిగేవాడు. ఊళ్ళో ఎవరూ అతన్ని పిచ్చివాడనలేదు. గానుగ దగ్గర మనిషి అనేవారు, అంతే.

ఆ ఏడు అతని అన్నగారు ఇంకో ఇద్దరు రైతులతో కలిసి ఆయిల్ ఇంజను కొన్నాడు. గానుగ ఎడ్లని సంతలో అమ్మేశాడు. ఇతను మాత్రం తెల్లారేసరికి వచ్చి అదే చోట, అదే గుండ్రంగా తిరగడం మానలేదు. ఇప్పుడక్కడ ఇంజను బెల్టు గిర్రున తిరుగుతోంది. ఆ మోతకి చెవులు మూసుకుని కేకలు పెట్టేవాడు, అయినా దారి మార్చేవాడు కాదు. బెల్టులో పడబోతుంటే వెంట్రుకవాసిలో లాగిన సందర్భాలున్నాయట. చివరికొకనాడు బెల్టు పట్టుకు గుంజాడు. మెకానిక్కు అతన్ని తోశాడు, అతను మెకానిక్కుని తోశాడు, మెకానిక్కు చెయ్యి విరిగింది. ఊరి మునసబు రిపోర్టు పంపాడు.

చేతుల తాడు విప్పించి డాక్టరుగారు పరీక్ష మొదలెట్టారు.

"నీ పేరేమిటి?"

"నీ పేరేమిటి?" అన్నాడతను, గోడకేసి చూస్తూ.

"నేను డాక్టర్ని."

"నేను డాక్టర్ని."

కాంపౌండరు నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. "మనాసుపత్రికి ఇద్దరు డాక్టర్లయ్యేరండి" అన్నాడు. డాక్టరుగారు కాంపౌండర్ని చూసిన చూపుకి నేను సీసాలు సర్దే నెపంతో పక్కకి తప్పుకున్నాను. ఆ మనిషి తనని వెక్కిరిస్తున్నాడని డాక్టరుగారి అనుమానం. నాకు మాత్రం అలా అనిపించలేదు. వెక్కిరించేవాడు మన మొహంలోకి చూసి మనకి మండిందో లేదో కనుక్కుంటాడు కదా. ఇతను చూడనే లేదు. మరి ఎందుకలా అన్నాడు? నా జబ్బు మొదలైంది.

అతని వల్ల ఏ గొడవా లేదు. లేచిన దగ్గర్నుంచి నూతి చుట్టూ తిరిగేవాడు. ఆయా ఊడుస్తూ అడ్డం వస్తే ఆగి, ఆవిడ తప్పుకున్నాక మళ్ళీ నడిచేవాడు. "మీ అందరి కంటే ఈడే నయం. నా సీపురుకి మరియాద ఇస్తన్నాడు" అని ఆయా మురిసిపోయింది. చిక్కంతా అన్నం దగ్గర. కంచం పెడితే దానివైపు చూస్తాడు, పెరటివైపు చూస్తాడు, లేచిపోతాడు. నీళ్ళు తాగుతాడు, మెతుకు ముట్టడు. పప్పు మార్చాం, పులుసు మార్చాం. కారం ఎక్కువైందేమోనని మజ్జిగన్నం పెట్టాం. వదిన ఇంటి దగ్గర్నుంచి చేపల పులుసు తెచ్చి బతిమాలింది.

"తినరా బాబూ, నా బంగారం కదూ! ఇంటికాడ సుబ్బరంగా తినేవోడివి, ఇక్కడేటొచ్చిందిరా నీకు?"

"నా బంగారం కదూ" అన్నాడతను మెల్లిగా. తినలేదు. కంచం ముందు ఆవిడ కూలబడి ఏడ్చింది.

రోజులు గడిచేకొద్దీ మనిషి చిక్కిపోయాడు. నూతి చుట్టూ నడక తడబడింది. డాక్టరుగారికి బెంగ పట్టుకుంది, ఆయనకి బెంగ వచ్చినా కోపంలాగే కనిపించేది.

"తిండి మానేశాడు, మాట్లాడడు, మనిషి చెయ్యి విరగ్గొట్టాడు. ఇంకేం కావాలమ్మా రాయడానికి? రేపు కూడా తినకపోతే గొట్టం వేసి పాలు పోద్దాం. ఎల్లుండి పట్నం పంపించేద్దాం. నా చేతుల్లో చస్తే ఎవరిది జవాబు?"

"ఒక్క రెండు రోజులు చూద్దాం సార్."

"ఏం చూస్తావు?"

ఏం చూస్తానో నాకే తెలిస్తే కదా చెప్పడానికి!

ఆ మధ్యాహ్నమే కె.కోటపాడు వైపు నుంచి ఒక నిండు చూలాలిని బండి మీద తెచ్చారు. పురుడు కష్టమైంది గాని తల్లీ బిడ్డా దక్కారు. చేతులు కడుక్కుందామని నూతి దగ్గరికొచ్చి చూద్దును కదా, ఇతను అక్కడ లేడు. బండి విప్పిన వైపు పరిగెత్తాను.

ఇతను బండిలోంచి గడ్డి తీసి ఎడ్ల ముందు వేస్తున్నాడు. ఊరికే పడేయడం కాదు, ఆ ఎద్దుకి కొంత, ఈ ఎద్దుకి కొంత, విదిలించి, దుమ్ము దులిపి. వెళ్ళి బొక్కెనతో నీళ్ళు తెచ్చాడు. అవి తిని, తాగి, తలలు ఎత్తేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత తిన్నగా వరండాలోకి నడిచి, పొద్దుటి నుంచి మూతేసి ఉన్న కంచం ముందు కూర్చున్నాడు. చల్లారి గడ్డకట్టిన అన్నం మొత్తం తినేశాడు. కంచం నాకేసి జరిపాడు. మళ్ళీ పెట్టాను. అదీ తినేశాడు.

"సార్! కాంపౌండరుగారూ! రండి, రండి!" అని అరిచాను. బాలింత గదిలో ఏమైందోనని అందరూ పరిగెత్తుకొచ్చారు. వచ్చి, అన్నం తింటున్న మనిషిని చూసి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

సాయంత్రం వదిన వస్తే చెప్పాను. నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా మతి మండా! గానుగ కాడ ఎడ్లిప్పి, మేతేసి, ఆట్ని సూసుకున్నాకే ఎవులైనా తింతారు గదమ్మా! ఇంటికాడ కూడా పశువుల సాలలోకి ఎల్లొచ్చి కూటికి కూకునేవోడు. దున్నే ఎడ్లున్నాయి కదా అక్కడ. నానెప్పుడూ అదోలా అనుకోలేదు. మా ఇళ్ళల్లో అందరిదీ అదే వరసాయె!"

అదీ సంగతి. రైతు ఇంట్లో ముందు ఎడ్లకి మేత, తర్వాతే మనుషులకి కూడు. అందరూ చేసే పనే కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. అందరికీ అది అలవాటు, ఇతనికి మాత్రం అది లేకపోతే అన్నమే అన్నం కాదు.

సరే, తెలిసింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఎడ్లెక్కడివి? మర్నాడు కాంపౌండరు బుర్ర ఉపయోగించాడు. డాక్టరుగారింటి పాడి ఆవుని తోలుకొచ్చి నూతి దగ్గర కట్టేశాడు. ఆవూ పశువే కదా! ఇతను సంతోషంగానే వెళ్ళాడు. దానికి కొంత మేత వేశాడు. మిగతా గడ్డి చేత్తో పట్టుకుని దాని పక్కన ఖాళీ జాగా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవు తినేసింది. ఇతను మాత్రం రెండో పశువు వస్తుందేమోనని అక్కడే ఎదురు చూస్తున్నాడు. కంచం దగ్గరికి రాలేదు.

"జత కావాలండోయ్ ఈడికి! ఒంటిగా ఉంటే పెళ్ళి కానట్టు లెక్క" అన్నాడు కాంపౌండరు. అందరం నవ్వాం. ఇతను ఆ ఖాళీ జాగా వైపు చూస్తున్న చూపు కంటపడి నా నవ్వు ఆగిపోయింది.

అప్పుడు దారినపోయే బండ్లవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను. భోజనాల వేళకి చెరుకు తోలే బండి ఏదో ఒకటి మా ఆవరణలో విప్పేది. బండివాళ్ళకేం, నీడ దొరికింది, ఊరికే మేత వేసే మనిషి దొరికాడు. గోలంతా ఆయాది.

"ఈ పేడ ఎవులెత్తుతారు? సీపురుకి మరియాదన్నాను గాని పేడకి అన్లేదు నాను!"

డాక్టరుగారు కూడా మొదటిరోజు చిందులు తొక్కారు. "ఇది ఆసుపత్రా, పశువుల సంతా?" అని. మూడోనాటికి ఆయనే కుర్చీ వరండాలోకి లాక్కుని, పేపరు అడ్డం పెట్టుకుని, దాని మీంచి చూస్తూ కూర్చోవడం మొదలెట్టారు. ఒకరోజు పేపరు మడిచేసి నాతో అన్నారు.

"నేను చదివిన పుస్తకాల్లో ఉన్న పిచ్చి ఏదీ ఇతనికి అతకడం లేదమ్మా. లేనివి కనపడడం లేదు, లేనివి వినపడడం లేదు. ఉన్నవే మనకంటే గట్టిగా వినపడుతున్నట్టున్నాయి. దీన్నేమంటారో నాకు తెలీదు."

తెలీదని ఒప్పుకున్న డాక్టర్లని నేను నా సర్వీసులో మళ్ళీ ఎక్కువమందిని చూడలేదు. పిచ్చి లేదనే రాశారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. గెలిచేశామనుకున్నాను.

మేజిస్ట్రేటుగారి ముందు ఆ సంబరం కాస్తా దిగిపోయింది. నేనూ డాక్టరుగారి వెంట వెళ్ళాను. మేజిస్ట్రేటుగారు కాగితం చదివి, అన్నగారిని పిలిచి, "నీ తమ్ముడికి పిచ్చి లేదట. ఇంటికి తీసుకుపో" అన్నారు.

అన్నగారు చేతులు జోడించాడు. తిట్టుకుందామని సిద్ధంగా ఉన్నాను గాని, ఆ మనిషి మొహం చూస్తే తిట్టు రాలేదు.

"తమ్ముడంటే నాకు పేణం బాబూ. కానీ అప్పు సేసి ఇంజను కొన్నాం, ముగ్గురం. ఆపితే అందరం మునిగిపోతాం. ఆడు తిరగడం మానడు. కట్టేద్దునా? కట్టేస్తే గొడ్డు బతుకు. ఒగ్గీత్తునా? బెల్టులో పడి సత్తాడు. నా కళ్ళెదటే సత్తాడు బాబూ. నన్నేటి సెయ్యమంతారు?"

మేజిస్ట్రేటుగారు డాక్టరుగారి వైపు తిరిగారు. "ఇలాంటివాళ్ళని చూసుకునే చోటు ఎక్కడైనా ఉందా?"

పిచ్చివాళ్ళకి ఆసుపత్రి ఉంది. కుష్టువాళ్ళకి మిషన్ వాళ్ళు నడిపే చోటుంది. దిక్కులేని పిల్లలకి బోర్డింగు ఉంది. జబ్బు లేని, నేరం చేయని, ఒంటరిగా బతకలేని పెద్ద మనిషికి ఏముంది? పిచ్చి అని రాసి ఉంటే కనీసం ఒక తలుపు తెరుచుకునేది. మేమే దాన్ని మూసేశాం. అప్పుడు నాకు వేసిన భయం ఇప్పటికీ గుర్తే.

గుమ్మం అవతల నుంచి వదిన గొంతు వినపడింది. మొగుడెదుట, పెద్దలెదుట నోరెత్తని మనిషి.

"బాబూ, మా కన్నోరిది రోలుగుంట కాడ. మా అన్న ఇంకా ఎడ్లతోనే గానుగ ఆడిత్తన్నాడు. ఇంజను కొనే తాహతు ఆడికి లేదు. అక్కడికి తోలుకుపోతాను."

"గానుగ లేని రోజుల్లో?" అన్నారు మేజిస్ట్రేటుగారు.

"ఎడ్లుంటాయి కద బాబూ."

"అక్కడ ఇతన్ని ఎవరు చూస్తారమ్మా? మీ అన్న చూస్తాడా?"

"నానెల్తాను" అంది. మొగుడి వైపు చూడకుండా అంది. "పిల్లలు పెద్దోళ్ళయ్యేరు. వంట ఆళ్ళే సేసుకుంతారు. పండక్కీ పబ్బానికీ వత్తాను."

అన్నగారు తల దించుకున్నాడు. మేజిస్ట్రేటుగారు సంతకం పెట్టేశారు. సమస్య తీరిపోయినట్టు అందరం లేచి వచ్చేశాం.

మరుసటి ఏడు గానుగలు ఆడే రోజుల్లో రోలుగుంట వైపు పురుడు పోయడానికి వెళ్ళి, తిరిగి వస్తూ వదిన కన్నవారి ఊళ్ళో బండి ఆపించాను. ఎలా ఉన్నాడో చూడకపోతే నాకు నిద్ర పట్టదు. దూరం నుంచే కనిపించాడు. ఎడ్ల వెనక తిరుగుతున్నాడు, ఒళ్ళు చేశాడు. నన్ను చూసినట్టే లేదు. గానుగ ఆపాక ఎడ్లు విప్పి, చెరుకు గడల కొసన ఉండే పచ్చి మొవ్వులు తెచ్చి వాటి ముందు వేశాడు. తర్వాత గుప్పెడు మొవ్వులు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. దుమ్ము దులిపి, నా కాళ్ళ ముందు పెట్టి, పక్కన నిలబడ్డాడు.

నాకు అర్థం కాలేదు. వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"ఎడ్లలో నిన్నూ కలిపేసుకున్నాడమ్మా! తిను. నువ్వు తింతే గాని ఆడు తిండు."

మిషన్ ఆసుపత్రిలో చదువుకున్న నర్సుని, తెల్లచీర కట్టుకుని, గానుగ దగ్గర కూర్చుని చెరుకాకు నమిలాను. గరగరా, చప్పగా ఉంది. గడ్డివాసన. ఇంకొంచెం నమలమన్నట్టు నిలబడే ఉన్నాడు. నమిలాను. అప్పుడు వెళ్ళి అన్నానికి కూర్చున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడూ నాకు అంత గర్వం కలగలేదు.

"నన్నూ అంతేనమ్మా" అంది వదిన పక్కన కూర్చుంటూ. "రోజూ మొవ్వు నమలందే నాకు గడవదు." మళ్ళీ నవ్వింది. నవ్వి, అతని వైపు చూసింది. "మొన్న జొరమొచ్చి లెగలేకపోయేనమ్మా. నాను నమల్లేదని ఆడూ పస్తే. జొరం దిగినకాడికి ఇద్దరం ఒకేలాగ అయిపోయేం. నాను పోయిన్నాడు ఆడికి ఎవులు నమిలి సూపిత్తారమ్మా?"

ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళకే నన్ను చాలా దూరం బదిలీ చేశారు.

ఇదంతా విని ఎదురింటి అమ్మాయి గుమ్మం వైపు చూసింది. ఆమె వెంట వచ్చిన కొడుకు అక్కడ నిలబడి, చెప్పులు రెండూ ఒక్క గీత మీదికి వచ్చేలా సర్దుతున్నాడు.

"నీకు జవాబు దొరికిందా అమ్మా?" అన్నాను. "ఎక్కడుండేవారంటే, ఎక్కడా ఉండేవారు కాదు. ఒక్క మనిషి దగ్గర ఉండేవారు."

"ఇప్పుడూ అంతే కదండీ" అంది.

పేరొచ్చింది, పుస్తకాలొచ్చాయి, పిల్లలకి బళ్ళొచ్చాయి. గుమ్మం అవతల నిలబడి "నానెల్తాను" అనే మనిషి మాత్రం ఇంకా అక్కడే ఉంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఎనభై దాటిన దాన్ని, నేను ఆఫీసుల చుట్టూ తిరగలేను. కానీ నాకో కుర్చీ ఉంది, మధ్యాహ్నాలు ఖాళీ.

"రేపట్నుంచి మధ్యాహ్నం వీణ్ణి నా దగ్గర వదిలి, నీ పనులు చూసుకో. కాసేపు పడుకో, లేకపోతే సినిమాకి పో. అన్నం నేను పెడతాను. తినేముందు వీడికి ఏమేం జరగాలో అది మాత్రం చెప్పు."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది.

"ఈ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలేదండీ" అని, కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.